అమ్మాయికి నిలకడ లేదని బెంగపడుతున్న ఒక తండ్రికి

ప్రశ్న: నేను ముప్పై మూడేళ్లు ఒకే సంస్థలో పనిచేసి రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. నా నియామక పత్రం ఇప్పటికీ ఫైలులో భద్రంగా ఉంది. మా అమ్మాయి 1989లో పుట్టింది, 2010లో డిగ్రీ ముగించింది. ఇప్పుడు చేస్తున్నది నాలుగో ఉద్యోగం. మొదటి రెండూ తనే వదిలేసింది. మూడోది 2020లో పదిహేను నిమిషాల వీడియో కాల్‌తో పోయింది. ప్రస్తుతం రాత్రిపూట ఆన్‌లైన్‌లో ఏదో కొత్త కోర్సు చదువుతోంది. నేను రోజూ తొమ్మిదింటికి ఫోన్ చేస్తే, "క్లాసులో ఉన్నాను నాన్నా, తరువాత చేస్తాను" అంటుంది. ఇల్లు కొనుక్కోమంటే వద్దంటుంది గానీ ఏడాదికి రెండు ప్రయాణాలు మాత్రం మానదు. చేతిలో నగదే ఉండదు, అన్నిటికీ ఫోన్‌తోనే చెల్లిస్తుంది. ఈ మిలీనియల్ తరమంతా ఇంతేనా, లేక మా పెంపకంలో లోపం ఉందా? గొడవ కాకుండా తనతో ఎలా మాట్లాడాలి? నా విరమణ సొమ్ముతో తన పేరిట ఇల్లు కొనడం మంచిదేనా?

జవాబు:

అయ్యా,

మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు నా దృష్టి ఆ పదిహేను నిమిషాల వీడియో కాల్ దగ్గర ఆగిపోయింది. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లారు. మీ అమ్మాయి తీసుకుంటున్న నిర్ణయాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. మీరు రాసిన విషయాల్లో పెంపకపు లోపం నాకు ఒక్కటీ కనిపించలేదు. నన్ను ఆలోచనలో పడేసింది మీరు రాయని విషయం. రేపు ఈ నాలుగో ఉద్యోగం కూడా పోతే, ఎవరి దగ్గరా చేయి చాచకుండా ఎన్ని నెలలు గడపగలిగేంత సొమ్ము ఆమె దగ్గర ఉంది? అది మీకు తెలియకపోయి ఉండవచ్చు. ఉద్యోగాల లెక్క, ప్రయాణాల లెక్క కంటే ముందు తెలుసుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం.

మొదట ఈ మిలీనియల్ తరం సంగతి చెబుతాను. మిలీనియల్స్ అనే పేరును 1991లో విలియం స్ట్రాస్, నీల్ హౌ అనే ఇద్దరు అమెరికన్ రచయితలు ప్రచారంలోకి తెచ్చారు. 1981 నుంచి 1996 వరకు పుట్టినవారిని ఈ తరంగా లెక్కించడం ఇప్పుడు పరిశోధకుల్లో ఎక్కువమంది పాటిస్తున్న పద్ధతి. వారిలో పెద్దవారు నలభై దాటారు కాబట్టి, మనం మాట్లాడుతున్నది కుర్రకారు గురించి కాదు, బాధ్యతలు మోస్తున్న నడివయసు మనుషుల గురించి. ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన మనుషులు ఒక తరం కారని, లోకం పట్ల తమ చూపు ఏర్పడే వయసులో ఒకే చారిత్రక అనుభవాన్ని కలిసి ఎదుర్కొన్నప్పుడే ఒక తరమవుతారని కార్ల్ మన్‌హైమ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1928లోనే వివరించారు. నేను ఆ మాటనే నమ్ముతాను. ఒకే ఏడాది పుట్టినా కలిగిన ఇంట్లో పెరిగిన మనిషికీ, అప్పుతో చదువుకున్న మనిషికీ మధ్య ఉండే తేడా ఒక్కోసారి రెండు తరాల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉంటుంది. అందువల్ల తరం అనే మాటను కాలాన్ని అర్థం చేసుకోవడానికి వాడండి, మీ అమ్మాయి స్వభావం మీద తీర్పు చెప్పడానికి మాత్రం వాడకండి.

ఆ కాలం ఎలాంటిదో చూడండి. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు దివాలా తీయడంతో మొదటే తడబడుతున్న ఆర్థిక వ్యవస్థలు ఒక్కసారిగా కుదేలయ్యాయి. మీ అమ్మాయి డిగ్రీ చేతపట్టుకుని బయటికి వచ్చిన 2010 నాటికి ఆ దెబ్బ ఇంకా మానలేదు. ఇటువంటి సమయంలో ఉద్యోగ జీవితం మొదలుపెట్టినవారికి ఏమవుతుందో అంతకుముందరి మాంద్యాల ఆధారంగా పరిశీలించినవారు ఉన్నారు. ఫిలిప్ ఒరియోపౌలస్, టిల్ వాన్ వాక్టర్, ఆండ్రూ హైజ్ అనే ఆర్థికవేత్తలు కెనడాలో పట్టభద్రులైన పురుషుల సంపాదనను ఏళ్ల తరబడి అనుసరించి, ఆ ఫలితాలను 2012లో ప్రచురించారు. మాంద్యంలో చదువు ముగించినవారి సంపాదన మొదట్లో దాదాపు 9 శాతం తగ్గిందని, ఆ లోటు సగానికి రావడానికి అయిదేళ్లు, పూర్తిగా పూడడానికి పదేళ్లు పట్టిందని వారు తేల్చారు. మీకు పనికివచ్చే విషయం ఆ తరువాత ఉంది. తక్కువ జీతమిచ్చే సంస్థల్లో మొదలుపెట్టినవారు ఆ లోటును పూడ్చుకోగలిగింది ముఖ్యంగా మెరుగైన సంస్థలకు మారడం ద్వారానే. అంటే మీరు నిలకడలేమి అంటున్నదే చాలామందికి కోల్పోయిన మెట్టును తిరిగి ఎక్కే మార్గం అయింది.

పైగా ఈ తరంవారు అదేపనిగా ఉద్యోగాలు మారతారన్న మాటకు అంత బలం కూడా లేదు. అమెరికాలోని ప్యూ పరిశోధనా కేంద్రం 2017లో ఒక పోలిక ప్రకటించింది. 2016లో ఉద్యోగాల్లో ఉన్న మిలీనియల్స్‌లో 63.4 శాతం మంది కనీసం పదమూడు నెలలుగా అదే యజమాని దగ్గర ఉన్నారు. 2000లో అదే వయసులో ఉన్న ముందు తరంవారిలో అది 59.9 శాతం. మారడం అనేది తరం గుణం కంటే వయసు గుణమని నాకు ఈ అంకెల్లో కనిపిస్తోంది. మీ తోటివారిలో కూడా ముప్పై ఏళ్లలోపు రెండు మూడు చోట్ల పనిచేసి చివరికి ఒక చోట స్థిరపడినవారు ఉండే ఉంటారు, గుర్తు చేసుకోండి.

మీ నియామక పత్రం దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీ ఇద్దరి మధ్య ఉన్న దూరం ఆ కాగితంలో ఉంది. ముప్పై అయిదేళ్ల తరువాత కూడా దాన్ని భద్రంగా ఉంచుకున్నారంటే అది మీకు కాగితం కాదు, ఒక మాట. మీరు పని చేస్తారు, సంస్థ మిమ్మల్ని చివరిదాకా చూసుకుంటుంది, ఆ తరువాత కూడా ఎంతో కొంత ఇస్తుంది. ఆ మాట మీ విషయంలో నిలిచింది. మీ అమ్మాయికి కూడా మూడో ఉద్యోగంలో అటువంటి కాగితమే ఇచ్చి ఉంటారు. కానీ ఒకరోజు ఉదయం ఒక ఆహ్వానం తెర మీదికి వచ్చి, ఎదుటి వ్యక్తి సిద్ధం చేసుకున్న నాలుగు వాక్యాలు చదివి, ఆమె ఏదైనా అడిగేలోపే సమయం ముగిసి ఉంటుంది. ఆ సాయంత్రానికల్లా ఆమె తన ఈమెయిల్ కూడా తెరవలేకపోయి ఉండవచ్చు. అలా పోగొట్టుకున్న ఎందరో నాతో చెప్పుకున్నది ఇదే. ఆ కాల్ తరువాత ఒక సంస్థను నమ్ముకుని ఉండమని ఆమెకు చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. దానికితోడు చాలా దేశాల్లో గత కొన్ని దశాబ్దాలుగా, విరమణ తరువాత ఇంత మొత్తం ఇస్తామని యజమాని హామీ ఇచ్చే పింఛను పద్ధతి తగ్గిపోయి, ఉద్యోగి పేరిట జమ అయిన సొమ్ము, దాని మీద వచ్చిన రాబడి ఎంతైతే అంతే అనే పద్ధతి పెరిగింది. మీ కాలంలో సంస్థ మోసిన భారం ఇప్పుడు మనిషి భుజాల మీదికి వచ్చింది. అందుకే ఆమె సంస్థను కాకుండా తన నైపుణ్యాన్ని ఆస్తిగా చూసుకుంటోంది. అది తెలివైన పనేనని నేను అనుకుంటున్నాను.

అయితే ప్రతి మార్పూ ముందడుగు కాదు. జీతం కోసమో, కొత్త పని నేర్చుకోవడం కోసమో మారడం వేరు, పై అధికారితో పొసగక విసిగి వచ్చేయడం వేరు. రెండోది కూడా కొన్నిసార్లు తప్పదు గానీ అదే అలవాటైతే మనిషి ఎక్కడా పని లోతు తెలిసేంత కాలం ఉండడు. ఒక పనిలో మనం చేసిన పొరపాట్లు మనకే ఎదురుపడి, వాటిని మనమే దిద్దుకోవలసి వచ్చేదాకా ఉంటే తప్ప ఆ పని రాదు. అందుకు ఏడాది చాలదు. మీ అమ్మాయి మారిన రెండుసార్లూ ఎందుకు మారిందో మీరు రాయలేదు. అడిగి తెలుసుకోవడం తప్పు కాదు, కానీ నిలదీసినట్టు అడగకండి.

చదువు విషయంలో కూడా ఇటువంటి మార్పే జరిగింది. ఇరవై రెండేళ్లకు చదువు ముగించి, దాన్ని అరవై ఏళ్లదాకా వాడుకోవడం మీ కాలపు క్రమం. పనిముట్లు, పద్ధతులు కొన్నేళ్లకోసారి మారిపోయే రంగాల్లో ఆ క్రమం ఇప్పుడు సాగదు, చదువు వాయిదాల్లో జీవితమంతా నడుస్తుంది. 2012లో కోర్సెరా, ఎడెక్స్ వంటి వేదికలు మొదలయ్యాక పెద్ద విశ్వవిద్యాలయాల పాఠాలు ఎవరైనా ఇంట్లో కూర్చుని వినే వీలు ఏర్పడింది. కానీ చేరడం తేలిక, ముగించడం కష్టం. అమెరికాలోని హార్వర్డ్, ఎంఐటీ విశ్వవిద్యాలయాలు ఎడెక్స్ ద్వారా నడిపిన కోర్సుల వివరాలను పరిశీలించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, 2017–18లో చేరినవారిలో కోర్సు ముగించినవారు వందకు ముగ్గురికి కాస్త ఎక్కువ మాత్రమే. ధ్రువపత్రం కోసం రుసుము కట్టినవారిలో మాత్రం అది 46 శాతం. డబ్బు కట్టినవారు గట్టి ఉద్దేశంతో చేరినవారే అయి ఉంటారు కాబట్టి ఆ తేడా అంతా రుసుము మహిమ అనుకోనక్కరలేదు. మీ అమ్మాయి రాత్రి తొమ్మిదింటికి, రోజంతా పనిచేసి వచ్చాక, తండ్రి ఫోన్‌ను కూడా పక్కన పెట్టి పాఠం వింటోంది. ఆ వందలో ఆమె ఏ వైపు ఉండబోతోందో దీన్నిబట్టి నేను ఊహించగలను. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పదగినది. ఆ కోర్సుకు అప్పు చేసి ఉంటే, ఆ అప్పు తీర్చేంత జీతం పెరిగే అవకాశం నిజంగా ఉందా అన్నది చేరేముందే చూసుకోవలసిన లెక్క. అమెరికాలో విద్యా రుణాల మొత్తం 2012 ప్రాంతానికే లక్ష కోట్ల డాలర్లు దాటింది. చదువుకు చేసిన అప్పు మంచి అప్పేనన్న నమ్మకంతో మోయలేనంత ఎత్తుకున్నవారు ఈ తరంలో కొల్లలు.

ఇక ఖర్చు. మిలీనియల్స్ అభిరుచులే వేరని, ఇల్లూ వాహనమూ అక్కరలేదని, ఉన్నదంతా సరదాలకే పోస్తారని చాలాకాలంగా వింటున్నాం. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌కు చెందిన ముగ్గురు ఆర్థికవేత్తలు 2018లో ఈ మాటనే పరీక్షకు పెట్టారు. అదే వయసులో ఉన్న ముందు తరాలతో పోలిస్తే వీరి ఆదాయాలు, ఆస్తులు తక్కువగా ఉన్నాయని, ఆదాయం, వయసు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక ఖర్చు చేసే అభిరుచుల్లో చెప్పుకోదగిన తేడా ఏమీ లేదని వారు చెప్పారు. ఒక్కమాటలో చెప్పాలంటే, కోరికలు పాతవే, చేతిలో ఉన్నది తక్కువ. ఇల్లు వద్దనడంలో కొంత ఇష్టం ఉండవచ్చు గానీ చాలా భాగం అందకపోవడమే.

ప్రయాణాల గురించి మీకు కోపం ఉందని అక్షరాల్లోనే తెలుస్తోంది. వస్తువుల మీద పెట్టిన ఖర్చు కంటే అనుభవాల మీద పెట్టిన ఖర్చు మనిషికి ఎక్కువ సంతోషాన్ని ఇస్తుందని లీఫ్ వాన్ బోవెన్, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో చూపారు. 2018లో వచ్చిన మరో పరిశోధన దీనికి ఒక హద్దు గీసింది. అటువంటి సంతోషం వెసులుబాటు ఉన్నవారిలోనే స్పష్టంగా కనిపించిందని, ఇరుకులో ఉన్నవారికి అవసరమైన వస్తువు కూడా అంతే సంతోషాన్నో, అంతకంటే ఎక్కువ సంతోషాన్నో ఇచ్చిందని అది తెలిపింది. కాబట్టి ప్రయాణం మంచిదా చెడ్డదా అని వాదించి లాభం లేదు. ముందే పక్కన పెట్టుకున్న సొమ్ముతో వెళ్లి వస్తోందా, లేక తిరిగి వచ్చాక ఆరు నెలలు వాయిదాలు కడుతోందా అన్నదే అడగవలసిన మాట.

ఫోన్‌తో చెల్లించడం గురించి మీరు పడుతున్న ఆందోళనకు మాత్రం ఆధారం ఉంది. కంటికి కనబడని డబ్బు చేతినుంచి తేలికగా జారిపోతుంది. ఎంఐటీలో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సైమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో ఒక ఆటపోటీ టికెట్లను విద్యార్థులకు వేలానికి పెట్టారు. నగదు ఇవ్వాలని చెప్పినవారి కంటే క్రెడిట్ కార్డుతో చెల్లించవచ్చని చెప్పినవారు సగటున దాదాపు రెట్టింపు పలికారు. ఇది మిలీనియల్స్ బలహీనత కాదు, మనందరిదీ. కాకపోతే వారి వయోజన జీవితంలో ఎక్కువ భాగం ఈ కనబడని డబ్బుతోనే గడుస్తోంది.

మా మేనకోడలి ఉదాహరణ చెబుతాను, ఆమెది కూడా ఈ తరమే. నెలాఖరుకు ఏమీ మిగలడం లేదని ఒకరోజు నా దగ్గర బాధపడితే, ఇద్దరం కూర్చుని ఆమె ఫోన్‌లో ఆ నెల బ్యాంకు లెక్కను మొదటి తేదీ నుంచి ఒక్కొక్క పంక్తీ చదివాం. నేను చదువుతుంటే ఆమె కాగితం మీద రాసింది. పెద్ద ఖర్చులు మూడే ఉన్నాయి, మూడూ ఆమెకు తెలిసినవే. తెలియనివి చిన్నవి. ప్రతినెలా దానంతట అదే కోసుకుపోయే చందాలు పదకొండు తేలాయి. అందులో ఒకటి భాష నేర్చుకోవడానికి తీసుకున్నది, దాన్ని తెరిచి ఏడాది దాటింది. ఫొటోలు దాచుకునే సేవలకు రెండు చోట్ల కడుతోంది. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. తరువాత అక్కడే కూర్చుని తనే నాలుగు చందాలు రద్దు చేసి, మిగిలిన ఆ మొత్తం జీతం పడిన రోజే వేరే ఖాతాకు వెళ్లేలా పెట్టుకుంది. నేను ఆ రోజు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. లెక్కను ఇద్దరం కలిసి చూశాం, అంతే.

పొదుపు ఆలస్యం కావడమే ఈ తరానికి ఉన్న అసలు ప్రమాదం, అది ఎంత ఖరీదైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. రాబడి ఏడాదికి 8 శాతం అనుకుంటే సొమ్ము దాదాపు తొమ్మిదేళ్లకు రెట్టింపవుతుంది. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే రెట్టింపుకు పట్టే ఏళ్లు సుమారుగా వస్తాయన్నది పాత సూత్రం. పాతికేళ్ల వయసులో పెట్టిన వంద అరవై ఒకటో ఏట పదహారు వందలవుతుంది. అదే వంద ముప్పై నాలుగో ఏట పెడితే ఎనిమిది వందలే. తొమ్మిదేళ్ల ఆలస్యానికి చివరి మొత్తంలో సగం పోతుంది. అదే సూత్రం అప్పు వైపు కూడా పనిచేస్తుంది, ఏడాదికి 36 శాతం వడ్డీ పడే కార్డు బాకీని కట్టకుండా వదిలేస్తే రెండేళ్లు దాటేసరికి రెట్టింపవుతుంది. మొదటి పదేళ్లూ మాంద్యంతో, మారడంతో, 2020 దెబ్బతో గడిచిన మనిషికి పొదుపు మొదలుపెట్టే వీలు ఆలస్యంగా దొరకడం సహజం. దానికి ఆమెను నిందించడం న్యాయం కాదు, కానీ ఇకమీదట ఆలస్యం చేయకపోవడం ఆమె చేతిలో ఉంది. కనీసం మూడు నుంచి ఆరు నెలల ఖర్చులకు సరిపడే సొమ్ము వెంటనే తీసుకోగలిగేలా ఉండాలి. ఉద్యోగం ఏ నిమిషమైనా పోవచ్చని స్వయంగా చూసిన మనిషి కాబట్టి ఆరు నెలల వైపే మొగ్గమంటాను.

ఇంటి విషయం క్లుప్తంగా చెబుతాను. మీ విరమణ సొమ్ముతో ఆమె పేరిట ఇల్లు కొనకండి. ఆ సొమ్ము మీ మిగిలిన ఏళ్లకు, ఆరోగ్యానికి. అది ఒక గోడలోకి వెళ్లిపోతే అవసరానికి చేతికి రాదు. మెరుగైన అవకాశం కోసం వేరే ఊరికి మారవలసి రావచ్చని ఆమె అనుకుంటుంటే ఆ ఇల్లు ఆమె కాళ్లకు బంధం అవుతుంది. మీరు డబ్బుకు ఇబ్బంది పడిన రోజున ఆ భారమూ ఆమె మీదే పడుతుంది. ఆమెకై ఆమె ఒకచోట ఏడెనిమిదేళ్లు ఉంటానని నిర్ణయించుకుని అడిగిన రోజున, మీ అవసరాలకు మించి ఉన్నదానిలోంచి కొంత ఇవ్వడం గురించి ఆలోచించవచ్చు.

గొడవ కాకుండా మాట్లాడడం ఎలాగన్నారు. "మా రోజుల్లో" అని మొదలుపెట్టిన క్షణంలోనే సంభాషణ ముగుస్తుంది. అడగవలసినవి నిజానికి రెండే. ఉద్యోగం లేకపోతే ఎన్ని నెలలు గడుస్తుంది? నెలనెలా తీర్చవలసిన అప్పు ఏదైనా ఉందా? అడిగేముందు మీ పరిస్థితి మీరు చెప్పండి: మీకు ఎంత వస్తుంది, ఎంత ఖర్చవుతుంది, దేనికి భయపడుతున్నారు. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు తమ లెక్క దాచుకుని పిల్లల లెక్క అడుగుతారు, అది ఆరా తీసినట్టే ఉంటుంది. ఆమె చెప్పిన జవాబు మీకు నచ్చకపోయినా ఆ రోజుకు విని ఊరుకోండి. వీలైతే 2020లో ఆ కాల్ తరువాతి రోజులు ఎలా గడిచాయని ఒకసారి అడగండి. మీ ఉత్తరాన్నిబట్టి ఆ విషయం మీ ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదని నాకు తోస్తోంది.

దానికంటే ముందు చేయదగినది ఇంకొకటి ఉంది. ఆమె కోర్సు వారంలో ఏయే రోజుల్లో, ఎన్ని గంటలకు ముగుస్తుందో కనుక్కుని, మీ తొమ్మిది గంటల ఫోన్‌ను ఆ తరువాతికి మార్చుకోండి.